యుద్ధం వస్తుందంటున్నారు, గోదావరి జిల్లాల్లో స్థలం ఇప్పుడు కొనాలా, ఆగాలా?

మీరు రాసిన ప్రకారం విషయం ఇదీ: భీమవరం శివారులో అయిదు సెంట్ల ప్లాటు ఒకటి, అమలాపురం వైపు ఎకరం కొబ్బరితోట ఒకటి బేరంలో ఉన్నాయి. తోటకి డబ్బు అమెరికాలో ఉన్న మీ అన్నయ్య పంపుతారు, రిజిస్ట్రేషను కూడా ఆయన పేరునే. స్నేహితులేమో యుద్ధం, ట్రంపు, ప్రభుత్వం అంటూ ఆరు నెలలు ఆగమంటున్నారు. నా మాట అడిగితే ఆగక్కర్లేదు. కానీ తోట మీరు చెప్పిన పద్ధతిలో కొనడానికి వీల్లేదు. ప్లాటయితే గొయ్యి తవ్వి చూడకుండా రూపాయి ఇవ్వొద్దు.

ముందు యుద్ధం సంగతి తేల్చేద్దాం. మన మట్టి దాకా వచ్చే యుద్ధం తుపాకీ మోతతో రాదండి, రొయ్య కౌంటుతో, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కతో వస్తుంది. రష్యా ఉక్రెయిన్ మీద పడింది 2022 ఫిబ్రవరి 24న. మనం రష్యా చమురు కొంటున్నామని అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. ఆగస్టు 7 నుంచి ఉన్న 25తో కలిపి అప్పట్లో 50 అయింది. రొయ్యల మీద పాత యాంటీ డంపింగ్ సుంకం అదనం. అప్పటికి మన రొయ్యకి అన్నిటికన్నా పెద్ద గిరాకీ అమెరికాదే, అందులోనూ 30, 40 కౌంటు లాంటి పెద్ద రొయ్య ఎక్కువగా అటే పోయేది. అక్కడ సుంకం పడితే ఇక్కడ రొయ్యలు కొని ఎగుమతి చేసే ప్లాంటువాడు కిలోకి ఇచ్చే రేటు కోస్తాడు. రైతు రొయ్య ఎదిగి కౌంటు తగ్గేదాకా ఆగకుండా ముందే పట్టుబడి పట్టేస్తాడు, తర్వాతి పంటకి పిల్ల వెయ్యడు. చెరువు లీజుకి తీసుకున్నవాడు వచ్చి "ఈ ఏడాది లీజు తగ్గించండి, లేదా చెరువు మీరే చూసుకోండి" అంటాడు. సుంకం తర్వాత పెరిగినా తగ్గినా ఆ లీజు మాట మళ్లీ వెంటనే లేవదు. బ్యాంకు అప్పున్న చెరువు యజమానికి మిగిలేవి రెండు దారులు: అమ్ముకోవడం, లేదా లేఅవుటు వేసేవాడి చేతిలో పెట్టడం. భీమవరం, ఉండి, ఆకివీడు, పాలకొల్లు చుట్టుపక్కల ఎండి ఉన్న చెరువు పక్కన ఎర్రమట్టి గుట్టలు కనబడుతున్నాయంటే కథ ఇదే.

అంటే మీ స్నేహితులు వస్తుందా రాదా అని వాదించుకుంటున్న యుద్ధం, మీరు చూసిన ప్లాటు కింద ఇప్పటికే బురదై ఉండొచ్చు. వాళ్లు పుతిన్ గురించి మాట్లాడతారుగానీ ఆ బురద గురించి మాట్లాడరు.

ఏ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ముందైనా పొద్దున్న పదకొండింటికి టీ కొట్టు దగ్గర నిలబడి చూడండి. ఇద్దరు పెద్దమనుషులు ఇజ్రాయెల్, ఇరాన్ పేర్లు చెప్పుకుని గ్లాసులో టీ చల్లారిపోయేదాకా అరుచుకుంటారు. పక్క రేకుల షెడ్డులో దస్తావేజు లేఖరి చెక్కుబంది టైపు చేస్తుంటాడు: తూర్పు పంట బోదె, దక్షిణం పుంత, పడమర ఫలానావారి చేను, ఉత్తరం 30 అడుగుల రోడ్డు. కొనేవాడి చెవి టీ కొట్టు వైపే ఉంటుంది, ఆ నాలుగు లైన్లు ఎవరూ చదవరు. పుంత అంటే ఎడ్లబండ్లు నడిచిన సర్కారు దారి. లేఅవుటు కాగితంలో ఆ పుంత కొంత సన్నబడి దక్షిణం వరస ప్లాట్లలో కలిసిపోయి ఉంటుంది. గ్రామ నక్షా తీసి, పుంత ఎంత వెడల్పుందో చూసి, అక్కడే టేపు పెట్టి కొలిస్తే అరగంటలో తేలిపోతుంది. కొలవకపోతే, మీరు ప్రహరీ కట్టాక పంచాయతీ నుంచి నోటీసు వచ్చినప్పుడు తేలుతుంది. పంట బోదె కూడా అంతే. దాన్ని పూడ్చితే దాని కింద పారే చేనుకి నీళ్లు అందవు, ఆ చేను రైతు ఊరుకోడు, ఊరుకోవాల్సిన పని కూడా లేదు.

ఇక ప్లాటు. అయిదు సెంట్లంటే 242 గజాలు, 2,178 చదరపు అడుగులు. ముందు గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు వెనక్కి జరుపుతూ చూడండి. నీలంగానో పచ్చగానో నలుచదరం నీళ్లు, మధ్యలో ఏరియేటర్ల (నీళ్లు చిలికి గాలి పట్టించే యంత్రాల) తెల్ల చుక్కలు కనబడితే అది చెరువే. అమ్మేవాడు "ఎప్పుడూ వరి చేనేనండీ" అన్నా సరే. తర్వాత జేసీబీ ఒక గంట మాట్లాడుకుని 7, 8 అడుగుల గొయ్యి తీయించండి. వద్దని అమ్మేవాడు అడ్డుపడితే బేరం అక్కడితో వదిలెయ్యండి, ఇంక గొయ్యితో పని లేదు.

గోతిలో పై రెండు మూడు అడుగులు ఎర్ర మెరక మట్టి వస్తుంది, గట్టిగా, చూడముచ్చటగా. దాని కింద బకెట్టు ఒక్కసారిగా తేలిగ్గా దిగుతుంది. నల్లటి జిగురు బురద, కుళ్లిన గుడ్డు వాసన, నత్తగుల్లలు, రొయ్య పెంకులు, ఒక్కోసారి ఏరియేటరు కట్టిన నైలాను తాడు ముక్క కూడా పైకొస్తాయి. చెరువు ఎండబెట్టి ఆ బురద గీకి తీసేశాక మెరక పొయ్యాలి, పొరకొక అడుగు చొప్పున నీళ్లు కొట్టి రోలరు తిప్పాలి. చేసేది మాత్రం తడి బురద మీదే ట్రక్కులు బోర్లించడం. అలాంటి నేల ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది. అదీ అంతటా ఒకేలా దిగదు. గట్టు ఉన్న వైపు నిలబడుతుంది, చెరువు నడుమ వైపు కూరుకుపోతుంది. అందుకే కొత్త ఇంట్లో కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులొస్తుంది, సెప్టిక్ ట్యాంకు ఒరిగి పైపు జాయింటు దగ్గర ఊడుతుంది. మేస్త్రీని తిట్టి లాభం లేదు.

అయినా ఆ ప్లాటే కావాలంటే లెక్క వేసుకోండి. నాలుగడుగులు మెరక కావాలంటే 2,178 ఇంటూ 4, అంటే 8,712 ఘనపుటడుగులు. ట్రాక్టరు ట్రక్కు సుమారు 100 పడుతుంది కాబట్టి 87 ట్రక్కులు. అణిగేదానికి అయిదో వంతు కలిపితే 105 దాకా. ట్రక్కు రేటు ఈరోజు మీ ఊళ్లో ఎంతో కనుక్కుని, మొత్తం మెరక ఖర్చు ప్లాటు ధరలోంచి తీసెయ్యండి. మామూలు ఫుటింగులు వద్దు. రెండు చోట్ల బోరు వేసి మట్టి పరీక్ష చేయించి, గట్టి పొర దాకా దిగే పైల్స్ (కాంక్రీటు స్తంభాలు), వాటిని పైన కలిపే గ్రేడ్ బీము వేయించండి. బోరు నీళ్లు కూడా పరీక్షకి పంపండి. ఉప్పు చెరువు అయితే నీళ్లలో క్లోరైడు ఉంటుంది. ఇనుము వేసే కాంక్రీటు కలిపే నీళ్లలో అది లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటితే ఊచలు లోపలే తుప్పుపడతాయి. పరీక్ష దాకా ఎందుకు, పక్కింటివాళ్లు తాగే నీళ్ల టిన్ను ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటున్నారో అడిగినా సగం తెలుస్తుంది.

కాగితాలు. ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, కనీసం 30 ఏళ్లది తీయండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది ఆఫీసులో వెతికించాలి. ఈసీలో లేనిది ఏదీ లేదనుకోకండి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, కోర్టు తగాదాలు, సంతకం పెట్టని ఆడపడుచు వాటా అందులో కనబడవు. రిజిస్ట్రేషను చెయ్యకూడని భూముల నిషేధిత జాబితా, అదే 22-ఏ, విడిగా చూడండి. చెరువు భూమి అసలు అసైన్డ్ పట్టా (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి) అయితే అలాంటి భూముల అమ్మకాన్ని నిషేధించిన 1977 చట్టం పట్టుకుంటుంది, చేతులు ఎన్ని మారినా వదలదు. రీసర్వే అయిన ఊళ్లో సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు ఉంటుంది. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములది ఒకే ఎల్‌పీఎం కింద ఉమ్మడిగా పడిపోతే, విడగొట్టించాకే బయానా ఇవ్వండి. ఆ బయానా కూడా 20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా ఇవ్వకూడదు. పుచ్చుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ఈ మాట చెబితే మధ్యవర్తులు నవ్వుతారు. నవ్వనివ్వండి, చెక్కే ఇవ్వండి.

ఇప్పుడు తోట. అమెరికాలో ఉన్నవారు, భారత పాస్‌పోర్టు ఉన్నా, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా, ఇక్కడ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌసు కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇళ్లు, ఇళ్ల స్థలాలు కొనుక్కోవచ్చు. కాబట్టి మీ అన్నయ్య పేరున కొబ్బరితోట కుదరదు. "మీ పేరున రాయించి తర్వాత చూసుకుందాంలే" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అన్నయ్య ఆ డబ్బు మీకు నిజంగానే ఇచ్చేస్తే ఇబ్బంది లేదు, తోబుట్టువు ఇచ్చినదాని మీద మీకు పన్ను పడదు, తోట మీదే. తోట అసలు ఆయనదే, మీరు పేరుకి మాత్రమే అనుకుంటే అది బినామీ. ఉన్న రెండు బేరాల్లో భీమవరం ప్లాటు ఆయన పేరున, తోట మీ సొంత డబ్బుతో మీ పేరున పెట్టుకోవడం దారి. తోట అమ్మేవాళ్లు కూడా విదేశంలో ఉన్నారేమో చూసుకోండి. కోనసీమలో చాలా తోటల వారసులు డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. అమ్మేది విదేశంలో ఉన్నవారైతే టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను) మామూలు ఒక శాతం లెక్కలో ఉండదు, కొనే మీరే జవాబుదారీ. ముందే ఆడిటరుని అడగండి. వాళ్లు పంపే పవరాఫ్ అటార్నీ మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించి ఉండాలి.

తోట చుట్టూ నడిచేటప్పుడు గ్యాసు పైపులైను గుర్తు రాళ్లు, బోర్డులు ఉన్నాయేమో చూడండి. 1962 నాటి పైపులైన్ల చట్టం కింద ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. ఇది ఈసీలో కనబడకపోవచ్చు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలాక కూడా ఈ ప్రశ్న అడగకుండా కొనేవాళ్లున్నారంటే ఏమనాలి. ఏటిగట్టు లోపల ఉన్న లంక తోట ఎంత చవగ్గా వచ్చినా దాని లెక్క వేరు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులకి మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకవాళ్లని "ఎన్నో హెచ్చరికకి మీ గుమ్మంలోకి నీళ్లొస్తాయండీ" అని అడిగితే టక్కున చెబుతారు.

ధర దగ్గర ఒక్క మాట. 2025లో కొబ్బరి రేటు ఎప్పుడూ లేనంత ఎగిసింది. ఆ ఏడాది ఆదాయం చూపించి ఎకరం ధర చెబితే ఒప్పుకోకండి. మూడేళ్ల దింపు చీటీలు అడగండి, చెట్టుకి ఎన్ని కాయలు దిగాయో చూడండి, ఆకులకి తెల్లదోమ, నల్ల మసి పట్టాయో లేదో చూడండి. వరి చేనుతో పోల్చుకుంటే ఇంకా తేలిక. కౌలు ఏడాదికి 75 కిలోల బస్తాలు 30 అనుకుందాం, 2025-26 మద్దతు ధర క్వింటాకి 2,369. మొత్తం 53,300. ఎకరం 60 లక్షలు అనుకుంటే రాబడి నూటికి 89 పైసలు. దీని మీద రిజిస్ట్రేషను ఖర్చు 7.5 శాతం మీరు పెట్టుకోవాలి, అంటే ఎనిమిదేళ్ల కౌలు ఆ ఒక్కరోజే పోయినట్టు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వరి వెయ్యకుండా వదిలేసింది సరదాకి కాదు.

రాజకీయం సంగతి కూడా అడిగారు. భూహక్కుల చట్టం (ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్) 2023 అక్టోబరు 31న అమల్లోకొచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక రద్దయింది. ఆ మధ్యలో భయపడి బేరాలు ఆపినవాళ్లున్నారు, తొందరపడి అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. లింకు డాక్యుమెంటు (భూమి ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజు) సరిగ్గా లేనివాడికి ఆ చట్టం ఉన్నప్పుడూ ఇబ్బందే, పోయాకా ఇబ్బందే. కోటిపల్లి–నరసాపురం రైలు పేరు చెప్పి ఇరవై ఏళ్లకి పైగా ప్లాట్లు అమ్ముతున్నారు. రైలు వచ్చినప్పుడు వస్తుంది, దాని ధర మాత్రం ఇప్పుడే మీ దగ్గర వసూలు చేస్తున్నారు. గల్ఫులో యుద్ధం అంటారా, అది మాత్రం పట్టించుకోవాల్సిందే. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లో దిగినప్పుడు లక్షన్నరకి పైగా మనవాళ్లని విమానాల్లో తేవాల్సొచ్చింది. రాజోలు, నరసాపురం వైపు చిన్న ప్లాట్ల గిరాకీలో ఆ గల్ఫు జీతాల చెయ్యి ఉంటుంది. అక్కడ ఉద్యోగాలు ఊడితే ఇక్కడ రెండు మూడు సెంట్ల బేరాలు ముందు ఆగుతాయి. మీది అయిదు సెంట్లు, భీమవరం, ఆ సెగ మీకు అంతగా తగలదు.

చివరిగా, ప్లాటు చూడ్డానికి ఏప్రిల్, మే నెలల్లో వెళ్లకండి. కాలువలు కట్టేసి ఉంటాయి, డ్రెయిన్లు ఎండిపోయి ఉంటాయి, ప్రతి ప్లాటూ పెళ్లికూతురిలా ఉంటుంది. మధ్యవర్తులు తిప్పేది కూడా అప్పుడే. అక్టోబరులో రెండు రోజులు ముసురు పట్టాక మూడో రోజు వెళ్లండి. కారు రోడ్డు మీదే ఆపి, చెప్పులు చేత్తో పట్టుకుని మీ ప్లాటు నాలుగో రాయి దాకా నడవండి, మోకాలి దగ్గర నీళ్లు ఎంత మేర వచ్చాయో గుర్తు పెట్టుకోండి. మెరక ఎన్ని అడుగులు కావాలో ఆ గుర్తే చెబుతుంది.