ఇంకొకరి పాటలు అచ్చుగుద్దినట్టు వాయించే ట్రిబ్యూట్ బ్యాండ్‌లో చేరితే మనకేం మిగులుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ స్నేహితులు ఏసీ/డీసీ అనే ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ పాటలు మాత్రమే వాయించే బ్యాండ్ పెడుతున్నారు, మిమ్మల్ని రెండో గిటార్‌కి రమ్మంటున్నారు. సొంత పాటలు లేకుండా వేరేవాళ్ళవి దించేయడంలో నేర్చుకునేది ఏముంటుంది, పైగా సోలోలు కూడా నావి కావు కదా అని మీ సందేహం.

నేను కొన్నేళ్ళుగా అదే పని చేస్తున్నాను. 70ల, 80ల హార్డ్ రాక్ వాయించే ట్రిబ్యూట్ బ్యాండ్‌లో రిథమ్ గిటార్, అంటే సోలోల వెనక కార్డులతో పాటని నడిపే గిటార్ నాది. మిమ్మల్ని పిలిచిందీ దానికే. నా మాట వింటే వెళ్ళండి. ఏసీ/డీసీ పాటల్లో నిజంగా కష్టమైన పని మీకే వచ్చింది. సోలో వాయించేవాడికి చప్పట్లు వస్తాయి, అది వేరే సంగతి.

1973లో సిడ్నీలో ఆ బ్యాండ్ పెట్టింది అన్నదమ్ములు మాల్కమ్ యంగ్, ఆంగస్ యంగ్. స్కూల్ యూనిఫాం వేసుకుని స్టేజీ అంతా గంతులేసే ఆంగస్ అందరికీ తెలుసు. మాల్కమ్ వెనకాల, డ్రమ్స్ పక్కన, యాంప్‌ల (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెల) ముందు నిలబడి ఉండేవాడు. పల్లవి అందుకోవాల్సినప్పుడు మైకు దగ్గరికి నాలుగడుగులు వేసి, పాడేసి, మళ్ళీ తన చోటికి వెళ్ళిపోయేవాడు. ఆయన చేతిలో ఉన్నది 1963 నాటి గ్రెచ్ గిటార్. రంగు గీకేసి, తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరి పికప్ (తీగల శబ్దాన్ని అందుకునే భాగం) ఒక్కటే ఉంచి మిగతావి పీకేశాడు. తీగలు బాగా మందం, 12 గేజ్. ఆ తీగల మీద సోలో వాయించాలంటే వేళ్ళు అరిగిపోతాయి. ఆయనకి ఆ అవసరమే లేదు.

కొత్తగా వచ్చేవాళ్ళు ముందు యాంప్ గెయిన్ (శబ్దాన్ని గరగరలాడించే సెట్టింగు, ఆ గరగరే డిస్టార్షన్) మొత్తం పెంచేస్తారు. హార్డ్ రాక్ కాబట్టి డిస్టార్షన్ దంచికొట్టాలనుకుంటారు. నిజానికి ఆ రికార్డుల్లో గెయిన్ మనం అనుకునేదాంట్లో సగం కూడా ఉండదు. వాల్యూమ్ మాత్రం చాలా ఎక్కువ. గెయిన్ తగ్గించాక చూడండి, కార్డులో ఒక్కో తీగ విడివిడిగా వినిపిస్తుంది. దాంతోపాటు మీ చేతిలోని ప్రతి తప్పూ వినిపిస్తుంది. ఎక్కువ గెయిన్ తప్పుల్ని దాచిపెడుతుంది, అందుకే అందరికీ అదంటే ఇష్టం. రెండు గిటార్లూ గెయిన్ పెంచుకుంటే మాత్రం ఏది ఎవరిదో తెలియని ఒకే ఒక్క రొద మిగులుతుంది.

ఉదాహరణకి 1980లో వచ్చిన ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ పాటలో ప్రధాన రిఫ్ (పదే పదే వచ్చే గిటార్ ముక్క) తీసుకోండి. ‘ఈ’ కార్డు ఒకసారి, ‘డీ’ మూడుసార్లు, ‘ఏ’ మూడుసార్లు. గిటార్ కొన్న నెలకే ఎవరైనా వాయించేస్తారు. అయితే ఆ రిఫ్‌లో సగం భాగం ఖాళీ. ‘ఈ’ కార్డు కొట్టాక శబ్దం అక్కడికక్కడే ఆగాలి. ఆగాలంటే ఎడమచేతి వేళ్ళు తీగల మీద చాపగా పరవాలి, అదే క్షణంలో కుడి అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర తీగలకి ఆనాలి. రెండు చేతులూ కలిసి పడితే కత్తిరించినట్టు ఆగుతుంది. ఒక చేయి లేటయితే చివర్లో తీగ సన్నగా కీచుమంటుంది, లేదా కింది తీగ గుయ్యిమంటూ ఉండిపోతుంది. ఆ ఖాళీలో హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) టిక్కుటిక్కుమని వినిపించాలి. అది వినపడకపోతే స్వరాలన్నీ సరిగ్గా పడ్డా పాట నడవదు. మా రిహార్సళ్ళలో సోలోల మీద కంటే ఈ ఆపడం మీదే ఎక్కువ గొడవలు జరిగాయి.

ఇలాంటివి విని పట్టుకోవడానికి ఓపిక కావాలి. రికార్డులో ఒక గిటార్ ఎడమ స్పీకర్లో, ఇంకోటి కుడి స్పీకర్లో ఉంటే మీ పని సులువు, ఒక వైపు మూసేసి వినండి. మాల్కమ్ ఎక్కువగా ఓపెన్ కార్డులు పట్టేవాడు. ఆంగస్ అదే కార్డుని చాలాచోట్ల ఫ్రెట్ బోర్డు మీద వేరే చోట పట్టుకుంటాడు. ఇద్దరూ ఒకటే వాయిస్తున్నట్టు అనిపిస్తుంది కానీ కాదు. ఇంటర్నెట్‌లో దొరికే ట్యాబ్‌లు (ఏ తీగ ఎక్కడ నొక్కాలో చూపే రాతలు) చాలావరకు రెండింటినీ కలిపి ఒకటిగా రాసేస్తాయి. వాటిని నమ్ముకోకండి.

వినడం అనే ఈ పిచ్చి ఎంతదాకా పోతుందో చెప్పడానికి ఒక కథ ఉంది. ఆంగస్ గిటార్ టోన్ అచ్చం అలాగే ఎందుకు రావడం లేదని ఒక ఇటాలియన్ అభిమాని ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకున్నాడు. అదే గిబ్సన్ ఎస్‌జీ, అదే మార్షల్ యాంప్, అయినా ఏదో తక్కువ. చివరికి తేలింది ఏమిటంటే, 70ల్లో ఆంగస్ వాడిన షాఫర్-వేగా అనే వైర్‌లెస్ పెట్టె స్టేజీ మీద వైరు లేకుండా తిరగడానికే కాక రికార్డింగ్‌లో కూడా పనిచేసింది. అది సిగ్నల్‌ని కుదించి, మళ్ళీ విప్పి, కాస్త పెంచి యాంప్‌కి పంపేది. మనం విన్న టోన్‌లో ఆ పెట్టె వాటా చాలా ఉంది. ఆ అభిమాని దాన్ని మళ్ళీ తయారు చేయించాడు. 2014లో వచ్చిన ‘రాక్ ఆర్ బస్ట్’ ఆల్బమ్‌కి ఆంగస్ ఆ నకలునే వాడాడు. అభిమాని చేసిన నకలు అసలు మనిషి చేతికే చేరిందన్నమాట. కాపీ కొట్టడం అని మీరు తీసిపారేసిన పనిలో ఇంత పరిశోధన ఉంటుంది.

మేం మొదట్లో ఒక్క బ్యాండ్‌కే కట్టుబడకుండా ఆ కాలపు పెద్ద బ్యాండ్లవి కలిపి వాయించేవాళ్ళం. అప్పుడు తెలిసింది, ఒక్కో బ్యాండ్ రహస్యం ఒక్కో చోట ఉంటుందని. డీప్ పర్పుల్ ‘స్మోక్ ఆన్ ద వాటర్’ రిఫ్ ప్రపంచంలో గిటార్ పట్టినవాళ్ళందరూ వాయిస్తారు, చాలామంది తప్పే వాయిస్తారు. మామూలు పవర్ కార్డులో ఉండేది సా–పా జంట. ఆ బ్యాండ్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ మీటింది సా–మా అంతరంలో ఉన్న రెండు స్వరాలు, అదీ పిక్‌తో కాదు, రెండు తీగల్నీ ఒకేసారి వేళ్ళతో లాగి. అలా వాయించి చూడండి, ఇన్నాళ్ళూ వాయించింది ఈ పాటేనా అనిపిస్తుంది. అదే బ్యాండ్‌లో రెండో గిటార్ అనుకునే శబ్దం చాలాసార్లు గిటారే కాదు, జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గాన్‌ని మార్షల్ యాంప్‌లోకి పెట్టి తీసిన శబ్దం.

బ్లాక్ శాబత్ మరో దారి. ఆ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీకి 17 ఏళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో యంత్రం కింద పడి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి టోపీలు చేసుకున్నాడు, పల్చటి తీగలు వేసుకున్నాడు. 1971 ఆల్బమ్‌కి వచ్చేసరికి కొన్ని పాటల్లో శ్రుతిని మూడు అర్ధస్వరాలు కిందికి దింపేశాడు. అంత వదులు తీగల మీద గట్టిగా పిక్ కొడితే స్వరం పైకి జారిపోతుంది. మెత్తగా కొట్టాలి. వినడానికి అంత బరువైన సంగీతం కుడిచేతికి అంత తేలిక!

డ్రమ్స్‌లోకి వస్తే, లెడ్ జెప్పెలిన్ ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ శబ్దం కోసం మా డ్రమ్మర్ పడని పాట్లు లేవు. ఆ శబ్దంలో వాళ్ళ డ్రమ్మర్ జాన్ బోనమ్ బలం ఎంతో, హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల హాలుది కూడా అంతే. డ్రమ్స్ కింద పెట్టి, రెండు మైకులు పై అంతస్తు నుంచి వేలాడదీసి రికార్డు చేశారు. అంత హాలు మనకెక్కడ దొరుకుతుంది? మా వాడు చివరికి బేస్ డ్రమ్‌లోంచి దిండు తీసేసి, చర్మాలు బిగించి, కొట్టే జోరు తగ్గించాక శబ్దం విచ్చుకుంది. ఎంత గట్టిగా బాదితే అంత చిన్నగా వినిపిస్తుందంటే అప్పటిదాకా ఎవరూ నమ్మలేదు.

ఇక అచ్చుగుద్దినట్టు అంటే ఎంత అచ్చుగుద్దినట్టు? నా లెక్కలో అది బ్యాండ్‌ని బట్టి ఉంటుంది. ఏసీ/డీసీ సోలోలు జనం నోటితో పాడుకుంటారు, అక్కడ ఒక్క స్వరం మార్చినా ముందు వరసలో ముఖాలు మారతాయి. జెప్పెలిన్ అలా కాదు. వాళ్ళు స్టేజీ మీద ఒకే పాటని ఇరవై నిమిషాల పైన సాగదీసేవాళ్ళు, ఏ రాత్రికి ఆ రాత్రి కొత్తగా. రికార్డులో ఉన్న సోలోని యథాతథంగా అప్పజెప్పే జెప్పెలిన్ ట్రిబ్యూట్ నాకు నీరసంగా ఉంటుంది. వాళ్ళ భాష నేర్చుకుని అక్కడికక్కడ అల్లుకుంటూ పోతేనే వాళ్ళకి న్యాయం చేసినట్టు.

వేషాల గురించి ఒక్క మాట. విగ్గులంటే నాకు పడదు. చెమట పట్టాక అవి కళ్ళ మీదికి జారడం చూస్తే సంగీతం మీద దృష్టి ఉండదు. కానీ ఆంగస్ పాత్రకి నిక్కరు, టోపీ లేకపోతే జనం ఊరుకోరు, అది ఒప్పుకోవాల్సిందే. మాల్కమ్ వేషమంటే టీషర్టు, జీన్సు. ఆ విధంగా కూడా మీరు అదృష్టవంతులే.

మీ గాయకుణ్ణి మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. ఏసీ/డీసీ గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో చనిపోయాక బ్రయన్ జాన్సన్ వచ్చాడు. ఇద్దరి గొంతులూ పూర్తిగా వేరు. బాన్ పాటల్లో కొంటెతనం కావాలి, జాన్సన్ పాటల్లో పై స్థాయిలో గొంతు చీరుకుపోయేలా అరుపు కావాలి. జాన్సన్ పాటలు వరసగా మూడు పెడితే నాలుగోదానికి గొంతు ఉండదు. మేం ఎప్పుడూ మధ్యలో బాన్ పాటో, పెద్ద సోలో ఉన్న పాటో పెడతాం.

చెవుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు హద్దు అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. పెరిగిన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. మన రిహార్సల్ గది సులువుగా 100 దాటేస్తుంది. వినికిడి దెబ్బతినడం వల్లే 2016లో బ్రయన్ జాన్సన్ మధ్యలో టూర్ ఆపేయాల్సి వచ్చింది, మిగతా కచేరీలు గన్స్ ఎన్ రోజెస్ గాయకుడు ఆక్సల్ రోజ్ పాడాడు. ఇయర్ ప్లగ్స్ లేకుండా మొదటి రోజు కూడా వెళ్ళకండి.

ఇప్పుడు మీ అసలు అనుమానం, ఇది రెండో రకం పని కదా అన్నది. మాల్కమ్‌కి డిమెన్షియా వచ్చి 2014లో తప్పుకున్నాక ఆయన చోటులో నిలబడింది ఆయన అన్న కొడుకు స్టీవీ యంగ్. 1988 అమెరికా టూర్‌లో కూడా కొన్నాళ్ళు ఆయనే. ఆయన చేసేది మాల్కమ్ వాయించినదాన్ని మాల్కమ్‌లా వాయించడమే, ఆ బ్యాండ్‌కి కావలసింది కూడా అదే. జుడాస్ ప్రీస్ట్ 1996లో తీసుకున్న గాయకుడు టిమ్ ‘రిప్పర్’ ఓవెన్స్ వాళ్ళ ట్రిబ్యూట్ బ్యాండ్‌లో పాడినవాడే. అతని వీడియో వాళ్ళ డ్రమ్మర్ చేతికి చేరింది. కిస్ గిటారిస్టు టామీ థేయర్ కూడా ఒకప్పుడు కిస్ ట్రిబ్యూట్‌లో వాయించాడు. మనకి అలాంటి ఫోన్ వస్తుందని కాదు నా ఉద్దేశం. ఆ పని తెలిసినవాళ్ళని అసలు బ్యాండ్లే వెతుక్కున్నాయి.

నాకేం మిగిలిందంటే, నా సొంత పాటలు మారాయి. అంతకుముందు ఒక్కో పాటలో ఏడెనిమిది కార్డులు కుక్కేవాణ్ణి, ఖాళీ కనిపిస్తే భయమేసేది. ఇప్పుడు మూడు కార్డులతో రాసి, ఎక్కడ ఆపాలో ముందు చూసుకుంటాను. పాడేవాళ్ళు కూడా మాటలకి చోటు దొరికిందంటున్నారు.

వ్యవహారం విషయానికొస్తే, లైవ్‌లో వాయించడానికి లైసెన్సు చాలాచోట్ల వేదికవాళ్ళో, నిర్వాహకులో తీసుకుంటారు. కచేరీ ఒప్పుకునే ముందు అది వాళ్ళ దగ్గర ఉందో లేదో అడగండి. రికార్డు చేసి అమ్మడానికి, వీడియో పెట్టడానికి అనుమతులు వేరు, వాటికి లైవ్ లైసెన్సు చెల్లదు.

చేరే ముందు ఒక్కటి మాత్రం చూసుకోండి: డ్రమ్మర్ ఎవరు? ఏసీ/డీసీ రికార్డుల్లో చాలావాటికి డ్రమ్స్ వాయించిన ఫిల్ రడ్ పాటంతా ఒకే నడక పట్టి, అడ్డదిడ్డంగా రోల్స్ వేయకుండా వాయించేవాడు. మీ డ్రమ్మర్ కూడా అలా వాయించడానికి ఒప్పుకుంటే కళ్ళు మూసుకుని చేరిపోండి. ప్రతి నాలుగు ఆవర్తాలకీ టామ్ డ్రమ్స్ మీద ఒక ప్రదర్శన ఇచ్చే రకమైతే మాత్రం, ముందు అతనితో మాట్లాడి తేల్చుకున్నాకే 12 గేజ్ తీగలు కొనండి.