బ్రిస్టల్ రేసులో నేల మీద కన్నేసి ఉంచండి

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. ఆఫీసులో వాళ్లు టెనెసీలోని బ్రిస్టల్‌లో జరిగే నాస్కార్ రేసుకు, అంటే అమెరికాలోని స్టాక్ కార్ల రేసుకు, రమ్మంటున్నారు కాబట్టి, అర మైలు ట్రాక్ మీద ఐదు వందలసార్లు ఎడమకు తిరిగే కార్లలో చూడటానికి ఏముందన్నది మొదటిది. దేశమంతా తారు ట్రాకులుండగా అక్కడ కాంక్రీటు ఎందుకన్నది రెండోది. ఎనిమిదేళ్ల బాబును తీసుకెళ్లవచ్చా అన్నది మూడోది. మూడోదానికి ముందే చెబుతాను: తీసుకెళ్లండి, కానీ వాడి చెవులకు మఫ్స్ లేకుండా గేటు దాటవద్దు. మిగతా రెండూ నిజానికి ఒకే ప్రశ్న, ఎందుకంటే అక్కడ చూడవలసింది ఆ కాంక్రీటునే.

నేను నాక్స్‌విల్‌లో ఉంటాను. బ్రిస్టల్ రెండు గంటల దారి. వృత్తి సివిల్ ఇంజినీరింగ్, అందులోనూ రోడ్ల పని. ఆ ట్రాక్‌కు రెండుసార్లు వెళ్లాను: 2019 ఆగస్టులో రాత్రి రేసుకు, 2024 మార్చిలో పగటి రేసుకు. రెండుసార్లూ గెలిచింది డెన్నీ హామ్లిన్. రెండుసార్లూ మా వరుసలో కూర్చున్నవాళ్లు అతణ్ణి తిట్టుకుంటూనే ఇంటిదారి పట్టారు.

మొదటిసారి వెళ్లినప్పుడు నాదీ మీ మాటే. పైగా పేరే విచిత్రంగా తోచింది. స్టాక్ కారంటే ఒకప్పుడు షోరూములో అమ్మే కారే. ఇప్పుడు దానికీ మన ఇంటి ముందు నిలిపే కారుకూ పోలిక పై రూపంలోనే. లోపల ఇనుప గొట్టాల చట్రం, తెరుచుకోని తలుపులు, కిటికీకి వల. హెడ్‌లైట్లు ఉన్నట్టే కనిపిస్తాయి, దగ్గరికి వెళితే అవి అంటించిన స్టిక్కర్లు. ఆ స్టిక్కర్లను చూసి నవ్వుకున్నాను కానీ, ట్రాక్ మీద కాలు పెట్టగానే నవ్వు ఆగిపోయింది.

రేసుకు ముందు కాసేపు ట్రాక్ మీదికి వెళ్లే పాసును నా సహోద్యోగి ఎలాగో సంపాదించాడు. బ్రిస్టల్ మలుపుల్లో నేల 24 నుంచి 28 డిగ్రీల వరకు వాలి ఉంటుంది. అంకె చదివితే ఏమీ అనిపించదు. లోపలి అంచు నుంచి పైనున్న గోడ వైపు నాలుగు అడుగులు వేశానో లేదో, మడమలు నేలకు ఆనడం మానేశాయి. ఇంకో నాలుగు వేసేసరికి ఒక చేతిని నేలకు ఆనించవలసి వచ్చింది. అప్పుడే ఆ కాంక్రీటును మొదటిసారి తాకాను. కొత్త సీసీ రోడ్డులా గరుకుగా ఉంటుందనుకున్నాను. కార్లు ఎక్కువగా తిరిగే చోట మాత్రం వాడి వాడి అరిగిన రుబ్బురోలులా నున్నగా ఉంది. దిగేటప్పుడు పక్కకు తిరిగి, గట్టు దిగుతున్న మేకలా వచ్చాను. ఇంత ఏటవాలు మీద టన్నున్నర బరువున్న కార్లు పదిహేను సెకన్లకో చుట్టు చొప్పున తిరుగుతాయి. చుట్టు నిడివి 0.533 మైలు, అంటే 860 మీటర్లకు కాస్త తక్కువ. ఐదు వందల చుట్లు కలిపితే దాదాపు 430 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి మళ్లీ సగం దారి వెనక్కి వచ్చినంత.

ఇక కాంక్రీటు ఎందుకంటే, తారు ఘనపదార్థంలా కనిపిస్తుంది కానీ బుద్ధి ద్రవపదార్థానిది. ఎండకు మెత్తబడుతుంది, ఒకే చోట ఒకే వైపు నెడుతూ ఉంటే మెల్లగా జరుగుతుంది. మన ఊళ్లలో బస్సులు బ్రేకు వేసే సిగ్నళ్ల దగ్గర తారు అలలు కట్టి ఉండటం మీరు చూసే ఉంటారు. అదే నెట్టుడు ఈ ఏటవాలు మలుపులో, ఇంత వేగంతో, వందల చుట్ల పాటు పడితే ఏమవుతుంది? 1961లో ఈ ట్రాక్ మొదలైనప్పుడు తారే వేశారు. 1969లో మలుపులను బాగా ఎత్తు చేశారు. ఆ తరువాత తారు ఎన్నిసార్లు వేసినా నిలవక, చివరికి 1992లో దాన్ని పీకేసి కాంక్రీటు పోశారు. ఆ ఏడాది ఆగస్టు రాత్రి రేసే కాంక్రీటు మీద మొదటిది. దాన్ని గెలిచింది డారెల్ వాల్ట్రిప్. మూడేళ్లకు డెలావేర్‌లోని డోవర్ ట్రాక్ కూడా ఇదే దారి పట్టింది. మార్టిన్స్‌విల్ వాళ్లది మధ్యేమార్గం: మలుపుల్లో కాంక్రీటు, తిన్నని దారిలో తారు. రోడ్ల మనిషిగా నాకు అదే అన్నిటికన్నా తెలివైన పని అనిపిస్తుంది కానీ, చూడటానికి బ్రిస్టలే బాగుంటుంది.

కాంక్రీటు జరగదు. ఆ చిక్కు తీరింది, ఇంకోటి మొదలైంది. తారు తన మీద రుద్దుకున్న రబ్బరును తనలోకి పట్టుకుంటుంది. కాంక్రీటుకు ఆ మమకారం తక్కువ. వేడిగా ఉన్నప్పుడు, కార్లు వేగంగా తిరుగుతున్నప్పుడు రబ్బరు దాని మీద పొరగా పరుచుకుంటుంది. ట్రాక్ మీద ప్రమాదం జరిగిందని పసుపు జెండా చూపి, కార్లను నెమ్మదిగా తిప్పారంటే అదే పొర మళ్లీ టైర్లకు అంటుకుని లేచిపోతుంది. అంటే గంట కిందట పట్టున్న దారి ఇప్పుడు జారుడు బండ కావచ్చు. దీన్ని చూడటానికి ఏ పరిజ్ఞానమూ అక్కర్లేదు. కాంక్రీటు బూడిద రంగు, రబ్బరు నలుపు. రేసు మొదట్లో లోపలి అంచున సన్నని నల్ల గీత పడుతుంది, వెడల్పవుతుంది, తరువాత పైన గోడ పక్కన ఇంకోటి మొదలవుతుంది. కార్లు ఆ నలుపును వెతుక్కుంటూ పైకి జరుగుతాయి. ముందున్న కారు డ్రైవరు ఇంకా కిందే పట్టుకుని వేలాడుతుంటే, వెనకవాడు పై దారి పట్టాడంటే, పది చుట్లలో ఏదో జరగబోతోందని మీకు ముందే తెలిసిపోతుంది. ఇది పట్టుబడ్డాక నాకు ఐదు వందల చుట్లు ఎక్కువనిపించలేదు.

2024 మార్చి 17న ఆ నలుపు పడనే లేదు. చలి పూర్తిగా పోని రోజు. టైర్ల రబ్బరు నేలకు అంటుకోకుండా నూకలు నూకలుగా రాలి, గోడ పక్కన కుప్ప పడింది. కొత్త టైర్లు యాభై చుట్లు కూడా నిలవక లోపలి దారాలు బయటపడుతుంటే, నిర్వాహకులు రేసు మధ్యలో ప్రతి జట్టుకూ నాలుగు టైర్ల సెట్టు ఒకటి అదనంగా తీసుకోనిచ్చారు. మేము పది వరుసల ఎత్తులో కూర్చున్నాం. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా తెరిచి నాలుగు ముద్దలు తిన్నానో లేదో, పంటి కింద ఆవగింజ పడింది. నమిలాను. నలగలేదు. వేలితో తీసి చూస్తే మెత్తగా, నల్లగా, కొసన మెలి తిరిగి ఉన్న రబ్బరు తునక. డబ్బాలోకి తొంగి చూస్తే పోపులోని ఆవాలు ఏవో, టైరు నుంచి వచ్చినవి ఏవో తేల్చుకోవడం కష్టమైంది. పక్క సీటు పెద్దాయన నా అవస్థ చూసి, తన టోపీ తీసి దులిపి చూపించాడు. గుప్పెడు రాలాయి.

ఆ రోజు వేగంగా నడిపినవాళ్లంతా వెనకబడ్డారు. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు ఎత్తి, టైరును కాపాడుకుంటూ నడిపినవాళ్లు ముందుకొచ్చారు. ఆధిక్యం 54 సార్లు చేతులు మారింది, ఇంత చిన్న ట్రాకుల మీద అది రికార్డు. ఆఖరున గెలిచినవాడితో సమానంగా ఐదు వందల చుట్లూ పూర్తి చేసినవి ఐదు కార్లే. హామ్లిన్ వర్జీనియా చిన్న ట్రాకుల మీద పెరిగినవాడు, టైరు దాచుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. కొందరు ఇదేమి రేసు, నత్తనడక అని విసుక్కున్నారు. నాకైతే ఇది అసలైన పరీక్ష అనిపించింది. బండి ఎంత వేగంగా పోగలదో అందరికీ తెలుసు, ఎంత నెమ్మదిగా నడిపితే గెలుస్తామో ఎవరికీ తెలియని రోజది.

నేల మార్చితే ఆట మారుతుందని ఈ ట్రాక్ యజమానులకు తెలిసినంత ఎవరికీ తెలియదు. 2007లో కాంక్రీటు కొత్తగా పోసి, పైకి వెళ్లే కొద్దీ వాలు పెరిగేలా చేశారు. దాంతో రెండు కార్లు పక్కపక్కన నడవగలిగాయి. మంచిదే కదా? ప్రేక్షకులకు నచ్చలేదు. దారి ఒక్కటే ఉన్నప్పుడు ముందువాణ్ణి గుద్ది పక్కకు నెట్టవలసి వచ్చేది, ఆ కొట్లాట పోయిందని గోల పెట్టారు. 2012లో యజమాని పై దారిని గీకించి, కార్లను మళ్లీ కిందికి తేవాలని చూశాడు. డ్రైవర్లు ఆ గీకిన పై దారినే ఇష్టపడ్డారు. చివరికి ఇప్పుడు లోపలి అంచున జిగురు మందు చల్లి, బాబ్బాబు కిందికి రండని బతిమాలుతున్నారు.

2019 రాత్రి రేసు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నన్ను రెండోసారి రప్పించింది అదే. మాట్ డిబెనెడెట్టో అనే డ్రైవరుకు, వచ్చే ఏడాది నిన్ను ఉంచుకోవడం లేదని జట్టు చెప్పింది ఆ వారమే. అప్పటివరకు అతను ఒక్క రేసూ గెలవలేదు. ఆ రాత్రి 93 చుట్లు ముందున్నాడు. జనం లేచి నిలబడ్డారు, నా సహోద్యోగి చేతిలో గ్లాసు ఒలికిపోతున్నా చూసుకోలేదు. కానీ అతని కారు అంతకుముందు ఇంకో కారుకు తగిలి ఉంది, సరిగా తిరగడం లేదు. ప్రతి మలుపులోనూ తాను అనుకున్న గీత కంటే ఒక అడుగు పైకి జారుతోంది. హామ్లిన్ చుట్టుకు కొంచెం చొప్పున దగ్గరవుతూ, ఇంకా 12 చుట్లు ఉండగా దాటేశాడు. గెలిచినవాడు గెలుపు వేదిక మీద ఓడినవాడికి క్షమాపణ చెప్పడం నేను మొదటిసారి చూసింది అక్కడే. జనం మాత్రం క్షమించలేదు.

ఇక మీకు పనికొచ్చే మాటలు. కింది వరుసల టికెట్లు చౌకగా దొరుకుతాయి, కొనవద్దు. అక్కడ ఎదురుగా రంగు చారలు తప్ప ఏమీ కనబడవు, నేను చెప్పిన నల్ల గీతలు అసలే కనబడవు. వీలైనంత పైకి ఎక్కండి. గిన్నె అంచున కూర్చున్నట్టు ట్రాక్ మొత్తం కనిపిస్తుంది. మధ్యలో పెద్ద తెర వేలాడుతూ ఉంటుంది, ఎవరు ఎక్కడున్నారో అందులో తెలుస్తుంది. డ్రైవర్లు తమ జట్టుతో మాట్లాడే మాటలు వినడానికి స్కానర్ అద్దెకిస్తారు. బాబుకు అదే ఎక్కువ నచ్చుతుంది, డబ్బులు చూసుకోకండి. చిన్న మెత్తటి కూలర్ సంచిలో తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు, కొలతలు మాత్రం టికెట్టుతో పాటు వచ్చే నిబంధనల్లో చూసుకోండి. దద్దోజనం తీసుకెళ్లకండి, తెల్లటి దాని మీద అన్నీ కనబడతాయి. ఉదయాన్నే బయలుదేరితే బ్రిస్టల్ ఊళ్లో స్టేట్ స్ట్రీట్ చూడవచ్చు. వీధికి ఒక పక్క టెనెసీ, ఇంకో పక్క వర్జీనియా. ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ పెట్టి బాబు ఫొటో తీయించుకుంటాడు.

వసంతకాలపు రేసా, సెప్టెంబరు రాత్రి రేసా అని మీ వాళ్లు అడిగితే రాత్రిదే అనండి. 2025 ఏప్రిల్‌లో టైర్లు మళ్లీ అరుగుతాయని అందరూ ఎదురుచూస్తే, ఏమీ అరగక కైల్ లార్సన్ ఒక్కడే 411 చుట్లు ముందుండి గెలిచాడు. వెళ్లిన మిత్రుడు మధ్యలో నాకు ఫోను చేసి నిద్ర వస్తోందన్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో అదే కాంక్రీటు టైర్లను మళ్లీ నమిలేసింది. నేను ఆ రెండింటికీ వెళ్లలేదు. ఈసారి రాత్రి రేసుకు వెళుతున్నాను, మీరూ వస్తే పై వరుసల్లో చూసుకుందాం.