ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నలుపే

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో మాది కమీషన్ కొట్టు. బిల్లులు, రైతుల ఖాతాలు అన్నీ ఆరేళ్లనాటి డెస్క్‌టాప్‌లోనే ఉన్నాయి. నాలుగు రోజులుగా బటన్ నొక్కితే లైటు వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, మానిటర్ మాత్రం ‘నో సిగ్నల్’ అంటోంది. మెకానిక్ చూసి మదర్‌బోర్డు పోయిందన్నాడు. నమ్మొచ్చా?

జవాబు: అప్పుడే నమ్మకండి. ఫ్యాన్ తిరుగుతూ డిస్‌ప్లే రాకపోతే మొదట అనుమానించాల్సింది ర్యామ్‌ని, అంటే బోర్డు మీద స్లాటులో దిగే మెమరీ పలకని. మీ కొట్టులో అయితే మరీనూ. మిర్చిలో నూనె ఉంటుంది కాబట్టి ఆ దుమ్ము ఊదితే పోయే రకం కాదు, జిడ్డుగా అంటుకుంటుంది. దానికి చెమ్మ తోడైతే ర్యామ్ అంచున ఉండే బంగారు రంగు గీతల మీద పలచటి పొర కడుతుంది. స్లాటుకీ ర్యామ్‌కీ మధ్య కాంటాక్టు సరిగా లేకపోతే బోర్డు అక్కడే ఆగిపోతుంది. తెర మీద బొమ్మ చూపించే దాకా రానే రాదు.

పెట్టె విప్పేముందు మానిటర్ కేబుల్ చూడండి. సీపీయూలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే తగిలించాలి, పైన బోర్డుకున్న సాకెట్‌కి కాదు. కొట్టు ఊడ్చేటప్పుడు ఊడిన కేబుల్‌ని ఎవరో తప్పు సాకెట్‌లో గుచ్చేసి ఉండొచ్చు.

అది సరిగానే ఉంటే పవర్ కేబుల్ పీకేసి, ఆన్ బటన్‌ని ఓ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. ఎడమ పక్క రేకు తీసి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకుని, ర్యామ్ చివర్ల క్లిప్పులు వెనక్కి నొక్కి దాన్ని బయటికి తీయండి. పిల్లల పెన్సిల్ రబ్బరుతో ఆ గీతల్ని రెండు వైపులా మెల్లగా రుద్దండి. నల్లటి మరక రబ్బరుకి అంటితే దొంగ దాదాపు దొరికినట్టే. రబ్బరు పొట్టు దులిపి, స్లాటును పొడి బ్రష్‌తో శుభ్రం చేసి, ర్యామ్ గాడిని స్లాటు గాడితో కలిపి ‘టక్’ మనేదాకా నొక్కండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి, స్లాటు కూడా మార్చి చూడండి. ఆన్ చేశాక ఓ నిమిషం ఆగండి. ర్యామ్ మార్చిన తర్వాత మొదటిసారి కొన్ని బోర్డులు ఆలస్యంగా లేస్తాయి.

పనిలో పనిగా బ్లోయర్ పెడతారేమో. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, లేకపోతే ఆ పూటంతా తుమ్ములే! గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే విపరీతంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది.

ఇంకా రాలేదా? ఇప్పుడు మెకానిక్ మాట తేల్చుకోండి. ర్యామ్‌లన్నీ తీసేసి ఆన్ చేయండి. బోర్డుకి స్పీకర్ ఉంటే బీప్ బీప్ అని మొత్తుకుంటుంది. మొత్తుకుందంటే ప్రాసెసరూ, బోర్డూ బతికే ఉన్నాయి, లోపం చాలావరకు ర్యామ్‌దో దాని స్లాటుదో. స్పీకర్ లేకపోతే నాలుగు పిన్నుల చిన్న బజర్ కొని తగిలించండి, విడిభాగాల షాపుల్లో దొరుకుతుంది. చప్పుడే లేకపోతే ప్రాసెసర్ పక్కన దిగే 4 లేదా 8 పిన్నుల పవర్ కేబుల్ వదులైందేమో చూడండి. ఇది ఊడినా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, అందుకే చాలామంది మోసపోతారు. ఆ తర్వాత నాణెం లాంటి బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి. ఇవన్నీ చేశాక కూడా ఉలుకూ పలుకూ లేకపోతేనే బోర్డు గురించి ఆలోచించాలి.

బోర్డు మార్చాల్సి వచ్చినా మీ ఖాతాలు హార్డ్‌డిస్క్‌లో ఉంటాయి, బోర్డులో కాదు. ముందు డిస్క్ తీయించి, యూఎస్‌బీ అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలించి డేటా కాపీ చేయించండి. విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మామూలుగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో సేవ్ అయి ఉంటుంది. డిస్క్ మెకానిక్ చేతికిచ్చే ముందే వెతికి పెట్టుకోండి.

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాం. కరెంటు పోయి వచ్చాక సీపీయూ అసలు ఆన్ కావట్లేదు. లైటు లేదు, చప్పుడు లేదు.

జవాబు: యూపీఎస్‌ని పక్కన పెట్టి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి. కేబుల్ మార్చండి, మానిటర్‌ది సాధారణంగా సరిపోతుంది. వెనకున్న ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా) స్విచ్ నిలువు గీత వైపు ఉండాలి. ఇక రేకు తీసి చూస్తే బోర్డు మీద చిన్న లైటు వెలుగుతోందనుకోండి, అనుమానం ముందు బటన్ మీదికి వెళ్తుంది. దాని వైరు ఊడదీసి, ఆ రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క సెకను కలపండి. లేచిందంటే లోపం బటన్‌దే.

లైటు లేకపోతే ఎస్‌ఎంపీఎస్ పరీక్ష. పవర్ తీసేసి, దాని వైర్లన్నీ బోర్డు నుంచి, డిస్కుల నుంచి ఊడదీయండి. 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునీ, పక్కనున్న నల్ల వైరునీ పేపర్ క్లిప్‌తో కలిపి, అప్పుడు పవర్ ఇవ్వండి. అన్ని వైర్లూ నలుపే అయితే ఈ పరీక్ష మెకానిక్‌కి వదిలేయండి. ఫ్యాన్ కదలకపోతే చాలావరకు ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే. తిరిగినంత మాత్రాన బాగుందనీ కాదు. మల్టీమీటర్‌లో పసుపు వైరుకి 11.4 నుంచి 12.6, ఎరుపుకి 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య రావాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

కొత్తది కొనేటప్పుడు పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంటే చాలనుకోకండి, స్టిక్కర్ మీద 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లో చూడండి. ఇంకొకటి, క్యాబినెట్‌ని ముట్టుకుంటే జిల్లుమంటోందా? అయితే సాకెట్‌కి ఎర్త్ అందట్లేదేమో. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది సరి చేయించాకే కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టండి.

ప్రశ్న: ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ తప్పు చూపిస్తూ ఎఫ్1 నొక్కమంటోంది. (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: బోర్డు మీద నాణెంలా ఉండే సీమాస్ బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని అడగండి, కార్ల రిమోట్లలో ఎక్కువగా వాడే 3 వోల్టులదే. ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి, బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి తేదీ, సమయం సరిచేసి, బూట్ వరుసలో మీ విండోస్ డిస్క్ మొదట ఉందో లేదో చూసి ఎఫ్10తో సేవ్ చేయండి.