అటువైపు కన్నే పట్టిస్తుంది

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే దాదాపు అన్నిట్లోనూ ఒకటే గోడు. అనిమే (జపాన్ యానిమేషన్) పద్ధతిలో బొమ్మలు వేస్తున్నాం, కొంతదూరం వచ్చి ఆగిపోయాం, ఇక్కణ్నుంచి దారి ఎటు అని. యానిమేషన్‌లో క్లీనప్ పని చేసి, ఏళ్ల తరబడి ఇతరుల గీతల్ని శుభ్రం చేసిన చెయ్యి నాది. అందుకని ఈ శీర్షికలో ఓదార్పు కాస్త తక్కువగానూ దిద్దుబాటు కాస్త ఎక్కువగానూ ఉంటుంది. ముందే చెప్పేస్తున్నాను.

అక్కా, చాలా ఏళ్లుగా అనిమే అమ్మాయిల బొమ్మలు వేస్తున్నాను. ఇంట్లోవాళ్లు, స్నేహితులు అద్భుతం అంటారు. ఈమధ్య బాగా వేసే ఒక సీనియర్‌కి చూపిస్తే "అనాటమీ లేదు, బేసిక్స్ నేర్చుకో" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అప్పట్నుంచి పెన్సిల్ ముట్టుకోబుద్ధి కావట్లేదు. మూడు బొమ్మలు పంపుతున్నాను. మొహమాటపడకుండా చెప్పండి. – ఒక విద్యార్థిని

మొహమాటం వద్దన్నావు కాబట్టి నేరుగా బొమ్మల్లోకి వెళ్తాను. మూడూ బల్ల మీద పక్కపక్కన పరిచి చూశాను. ముగ్గురమ్మాయిలూ ఎడమవైపే చూస్తున్నారు, ముగ్గురిదీ ముప్పావు ముఖమే. ఒకమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుంది. ఇంకో అమ్మాయి జేబుల్లో పెట్టుకుంది. మూడో అమ్మాయిని నడుము దగ్గరే ఆపేశావు, చేతులు కాగితం అంచు దాటి వెళ్లిపోయాయి. నీది కుడిచేతి వాటమని ఉత్తరంలో రాయకపోయినా చెప్పగలను. కుడిచేత్తో గీసేవాళ్లకి ఎడమవైపు తిరిగిన ముఖం వంపు చేతికి తేలిగ్గా వస్తుంది. వచ్చేదాన్నే మళ్లీమళ్లీ వేస్తూ, రానిదాన్ని జేబులో దాచేస్తున్నావు.

ముందు బాగున్నది చెప్తాను, ఇది ఊరికే అనే మాట కాదు. రెండో బొమ్మలో జుట్టు నిజంగా బాగా వచ్చింది. సుడి ఎక్కడుందో నీకు తెలుసు. కుచ్చులన్నీ అక్కణ్నుంచి బయల్దేరి పెద్దవీ చిన్నవీ కలిసి పడ్డాయి. ఒక్కో వెంట్రుకా గీస్తూ కూర్చోలేదు. ఈ చూపు ఉన్నదానివి మిగతావీ పట్టుకోగలవు.

ఇప్పుడు ఆ బొమ్మనే తిరగేసి, వెనక వైపు నుంచి దీపానికి అడ్డంగా పట్టుకుని చూడు. ముఖం ఒక పక్కకి జారిపోయినట్టు కనిపిస్తుంది. కారణం అటువైపు కన్ను. రెండు కళ్లూ ఒకే వెడల్పుతో వేశావు. తల బంతిలా గుండ్రంగా ఉండేది కదా, ముఖం పక్కకి తిరిగేకొద్దీ దూరంగా ఉన్న కన్ను వంపులోకి వెళ్తుంది. వెడల్పు తగ్గుతుంది, ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. ముక్కు మొదలుకీ ఆ కంటికీ మధ్య ఖాళీ కూడా తగ్గాలి. నువ్వు ఆ ఖాళీ అలాగే ఉంచావు గనక కన్ను చెంప గీత మీదికి తేలిపోయింది. ముందు బంతి, దాని మీద వంపు తిరిగిన నిలువు మధ్యగీత, అడ్డంగా కళ్ల గీత వేసుకో. ఆ తర్వాతే కళ్లు. ఇది నీకు తెలిసే ఉంటుంది. తెలిసీ, ముఖం బాగా వస్తోందన్న ధీమాతో వదిలేసి ఉంటావు.

రెండోది నడినెత్తి. మనిషి తల ఎత్తులో సరిగ్గా సగం దగ్గర కళ్లుంటాయి. అనిమేలో వాటిని ఇంకాస్త కిందికి దింపుతారు, అందుకే ఆ ముఖాలు చిన్నపిల్లల్లా లేతగా ఉంటాయి. నువ్వు కళ్లు దింపావు కానీ పైన పుర్రెకి చోటు ఇవ్వలేదు. దానికితోడు జుట్టుని పుర్రెకి అంటించేశావు. జుట్టుకి మందం ఉంటుంది, పుర్రె గీతకి కొంచెం పైన వేయాలి. తల వెనక భాగం కూడా చదునైపోయింది. మూడోది కనుపాప. నిండు గుండ్రంగా వేస్తే ఏ అమ్మాయైనా ఉలిక్కిపడినట్టే కనిపిస్తుంది. మామూలుగా చూసేటప్పుడు పైరెప్ప కనుపాప పైభాగాన్ని కొంచెం కప్పుతుంది. నీ మూడో బొమ్మకి "సాయంత్రపు ప్రశాంతత" అని పేరు పెట్టావు. ఆ అమ్మాయి మాత్రం దెయ్యాన్ని చూసినట్టుంది.

ఇక ఆ సీనియర్ సంగతి. ఆయన చెప్పింది తప్పు కాదు, కానీ పనికొచ్చేలా చెప్పలేదు. "అనాటమీ లేదు" అన్నది తీర్పు. దాంతో రేపు పొద్దున్న పెన్సిల్ పట్టుకుని ఏం చేయాలో తెలియదు. అయితే ఆయన్ని నువ్వేమని అడిగావు? "ఎలా ఉంది?" అనే కదా. అలా అడిగితే ఇంట్లోవాళ్లు అద్భుతం అంటారు, ఆయన బేసిక్స్ అంటారు. కాకిపిల్ల కాకికి ముద్దు, ఇంట్లోవాళ్లని తప్పుపట్టడానికి లేదు. మళ్లీ వెళ్లినప్పుడు ఒక్క బొమ్మే తీసుకెళ్లి, ఒక్క చోటే వేలు పెట్టి అడుగు. "ఈ మెడ భుజాల మధ్య నుంచి వచ్చినట్టుందా, ముందుకి అతికించినట్టుందా?" అను. జవాబులో బేసిక్స్ అన్న మాట రాదు. ఆయన పెన్సిల్ తీసుకుంటారు.

కొంతకాలం ముఖాలు పక్కన పెట్టు. చేతులు వెయ్యి. మోడల్ కోసం వెతకనక్కర్లేదు, నీ ఎడమ చెయ్యి ఎప్పుడూ ఖాళీయే. అద్దంలో చూస్తే కుడి చెయ్యి కూడా దొరుకుతుంది. అరచేతిని ముందు మందమున్న పలకలా వేసి, బొటనవేలి కండని వేరే ముక్కగా అతికించు. నాలుగు వేళ్ల కణుపులూ ఒకే అడ్డగీత మీద ఉండవు, విల్లు వంపులో ఉంటాయి. ఆ వంపు పట్టుకుంటే సగం చెయ్యి వచ్చినట్టే. కొలత తెలియకపోతే నీ చెయ్యే నీ ముఖం మీద పెట్టుకో. గడ్డం దగ్గర మణికట్టు పెడితే మధ్యవేలు నుదుటి మీద ఎక్కడో ఆగుతుంది. అనిమే అమ్మాయిలకి ఇంకొంచెం చిన్న చేతులు వేస్తారు, కానీ నువ్వు వేసేవి గోరింటాకు డిజైన్‌కి కూడా చాలవు.

ఇంకొక్కటి, ఇది చాలామంది చేయరు. ఏదైనా ఫొటో చూసి వేశాక దాన్ని మూసేసి, చూడకుండా మళ్లీ వెయ్యి. అప్పుడు రెండూ పక్కన పెట్టి చూసుకో. చూసి వేసినది ఎంత బాగున్నా, చూడకుండా వేసినదే నీకు నిజంగా వచ్చినది. తేడా ఎక్కడ వచ్చిందో ఆ కీలు దగ్గరే మర్నాటి పని.

మా డ్రాయింగ్ మాస్టారు అనిమే బొమ్మలు బొమ్మలే కావంటారు. ముందు రియలిజం పూర్తిగా నేర్చుకుని తర్వాతే ఇటు రావాలా? – మరో పాఠకుడు

పూర్తిగా నేర్చుకోవడం అంటూ ఎవరికీ జరగదు బాబూ. ఆ రోజు కోసం ఆగితే అనిమే బొమ్మ ఎప్పటికీ వేయవు. మాస్టారి మాటలో నిజం లేకపోలేదు, కానీ ఆయన ఒక సంగతి మర్చిపోతున్నారు. అనిమేలో గీతలు తక్కువ కావడం చేతకాక కాదు. జపాన్‌లో 1963లో మాంగా కథల చిత్రకారుడు ఒసాము తెజుకా బృందం అరగంట టీవీ సీరియల్‌ని వారం వారం ఇవ్వడం మొదలుపెట్టింది. సెకనుకి 24 ఫ్రేములు నడిచే ఫిల్మ్‌లో ఒక్కో బొమ్మని మూడేసి ఫ్రేముల పాటు నిలిపితే 8 బొమ్మలతో సరిపోతుంది. అయినా వారానికి బోలెడు పనే. ఒకే పాత్రని ఎందరో చేతులు మార్చుకుంటూ వేయాలి, ఎవరు వేసినా అదే ముఖం రావాలి. అందుకే ఏ గీత ఉండాలి, ఏది పోవాలి అన్నది ఆలోచించి తీసేశారు. ఆ తెజుకా వైద్యవిద్య చదివినవాడు. మాస్టారికి ఇది చెప్పి చూడు.

ముక్కు సంగతే తీసుకో. అనిమేలో అది చిన్న నీడ, ఒక్కోసారి చుక్క. కానీ ఆ చుక్క ఎక్కడ పడాలో తెలియాలంటే అక్కడ ఉండాల్సిన నిజం ముక్కు తెలిసుండాలి. కాబట్టి రెండూ కలిపే చెయ్యి. ఒకే భంగిమని పేజీకి ఒక పక్క కళ్లకి కనిపించినట్టు, రెండో పక్క నీ పద్ధతిలో వెయ్యి. మామూలు పెద్దమనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు. అనిమే కుర్రాళ్లు తరచుగా ఆరేడు తలలు, చిబీ అనే బుజ్జి బొమ్మలైతే రెండు మూడు. తలల లెక్క ఎంత మారినా మోచెయ్యి నడుము దగ్గరికే రావాలి. దాన్ని మార్చావా, బొమ్మ విరిగిపోతుంది.

స్టూడియోల్లో ప్రతి పాత్రకీ సెత్తేయి అని ఒక నమూనా పత్రం ఉంటుంది. ముందు నుంచి, ముప్పావు, పక్క నుంచి, వెనక నుంచి, నవ్వితే, ఏడిస్తే ఎలా ఉంటుందో అన్నీ అందులో ఉంటాయి. నీ సొంత పాత్రకి అలాంటిది ఒకటి తయారుచెయ్యి. వెనక వైపు బొమ్మ దగ్గరికి వచ్చేసరికి, ఆ జడ ఎక్కణ్నుంచి మొలిచిందో నీకే తెలియదని తేలుతుంది. అక్కడ మాస్టారి సాయం అడుగు. ఆయనకీ సరదాగా ఉంటుంది.

ఇష్టమైన బొమ్మ మీద పల్చటి కాగితం పెట్టి దించుకోవడం దొంగతనమా?

నోటుబుక్కులో ఉన్నంతవరకూ చదువు. కింద నీ సంతకం పెట్టి పదిమందికి చూపిస్తే దొంగతనం. చూసి వేయడం ద్వారా నేర్పడం జపాన్‌లో పాత పద్ధతే. చిత్రకారుడు హొకుసాయి 1814 నుంచి అచ్చువేయించిన మాంగా అనే బొమ్మల సంపుటాలు శిష్యులు చూసి వేసుకోవడానికి ఉద్దేశించినవే. కాకపోతే అంచు గీతలే దించితే చేతికి తప్ప కంటికి ఏమీ అబ్బదు. పైన కాగితం పెట్టినప్పుడు అంచు వదిలేసి లోపలిది గియ్యి. వెన్ను ఎటు వంగింది, తుంటి ఎటు వాలింది, తలకి మధ్యగీత ఎక్కడ అని. తర్వాత కింది బొమ్మ తీసేసి, ఆ ఎముకల గూడు మీద వేరే మనిషిని నిలబెట్టు.

మేం కొందరం వారానికోసారి కలిసి ఒకరి బొమ్మలు ఒకరం విమర్శించుకుంటాం. నిజం చెప్తే ముఖాలు మాడ్చుకుంటున్నారు, చెప్పకపోతే కలవడమే దండగ. ఎలా?

నోరు తక్కువ, కాగితం ఎక్కువ వాడండి. అనిమే స్టూడియోల్లో సకుగా కంతోకు అని ఒక ఉద్యోగం ఉంటుంది, బొమ్మలు దిద్దే పెద్ద. ముఖ్యమైన భంగిమలు వేసే 'కీ యానిమేటర్'ని ఆయన పిలిచి చీవాట్లు పెట్టడు. అతని బొమ్మ మీద వేరే కాగితం వేసి, తప్పిన చోటు మాత్రం మళ్లీ గీస్తాడు. కింది బొమ్మ చెక్కుచెదరదు. పై కాగితం ఎత్తితే తనది, దించితే దిద్దినది. తేడా కంటికి కనిపిస్తుంటే వాదించడానికి ఏముంటుంది? ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ దాన్ని అవమానం అనుకోరు. రోజూ జరిగేదే. మీరూ అంతే చేయండి. కంప్యూటర్ మీదైతే పైన ఒక లేయర్ వేసుకుని ఎర్రగీతతో దిద్దండి, ముందు ఆ మనిషిని అడిగి.

దిద్దేటప్పుడు పెద్దది ముందు. నిలబడ్డ తీరే పడిపోయేలా ఉన్నప్పుడు కనురెప్పల వెంట్రుకల గురించి మాట్లాడకండి. ఒక్క బొమ్మలో పదిహేను తప్పులు ఏకరువు పెడితే అవతలివాళ్లకి ఒక్కటీ గుర్తుండదు. ఒకటో రెండో చాలు. మీ ఇష్టాయిష్టాల్ని తప్పుల కింద జమకట్టకండి. "కళ్లు అంత పెద్దవేంటి" అన్నది విమర్శ కాదు, మీకు ఆ పద్ధతి నచ్చలేదంతే.

విమర్శ పుచ్చుకునేవాళ్లకి ఒకే షరతు పెట్టండి. చెప్పేవాళ్లు ముగించేదాకా "అది కావాలనే అలా వేశా" అనకూడదు. ముగ్గురు వేర్వేరుగా ఒకే మోకాలు చూపించారంటే ఆ మోకాలిలో ఏదో ఉంది. వాళ్లు చెప్పిన వైద్యం ముగ్గురిదీ తప్పు కావచ్చు, రోగం మాత్రం అక్కడే.

మంచి టాబ్లెట్ కొంటే గీత బాగుపడుతుందా?

లేదు. క్రిత లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కాగితం ఉంది. ఏదో ఒకదానితో మొదలుపెట్టు. సాఫ్ట్‌వేర్ వాడితే మాత్రం బొమ్మని అద్దంలోలా తిరగేసి చూపించే బటన్‌ని బాగా వాడు, పైన ఆ అమ్మాయికి దీపంతో చేయించిన పని అది క్షణంలో చేస్తుంది. వణుకు సరిచేసే స్టెబిలైజర్‌ని కొంచెం తగ్గించి, పొడుగు గీతల్ని మణికట్టుతో కాకుండా భుజం నుంచి లాగడం అలవాటు చేసుకో.

మా అమ్మాయి రోజూ ఒక అనిమే బొమ్మ వేసి "అమ్మా, ఎలా ఉంది?" అంటుంది. నాకు బొమ్మల సంగతి తెలియదు. బాగుంది అంటే "నువ్వెప్పుడూ అంతే" అని విసుక్కుంటోంది. ఏమనాలి? – ఒక తల్లి

మీకు తెలియకపోవడమే ఇక్కడ పనికొచ్చే గుణమండీ. బొమ్మ చూసేవాళ్లలో ఎక్కువమంది మీలాంటివాళ్లే. ఎలా ఉందో చెప్పకండి, మీకు ఏం కనిపించిందో చెప్పండి. "ఈ పిల్ల ఎవరి మీదో అలిగినట్టుంది", "ఈ అబ్బాయి పరిగెడుతున్నాడా, జారిపడుతున్నాడా?" అనండి. తను కోపం వేశాననుకున్న చోట మీకు నిద్రమత్తు కనిపిస్తే, అంతకన్నా నిక్కచ్చి విమర్శ ఏ మాస్టారూ చేయలేరు. ఆ కనుబొమ్మలు ఎక్కడ తేలిపోయాయో తనే వెతుక్కుంటుంది. మొదట్లో "నీకు అర్థం కాలేదులే" అంటుంది. మీరేమీ వెనక్కి తగ్గకండి, బొమ్మని తనకే ఇచ్చి, "మరి కోపమొస్తే నీ ముఖం ఎలా ఉంటుందో అద్దంలో చూసి వెయ్యి" అనండి.

బాగుంది అనడం మానేయక్కర్లేదు. నచ్చినప్పుడు ఎక్కడ నచ్చిందో వేలు పెట్టి చూపించండి. ఇంకో చిన్న పని కూడా మీ చేతుల్లో ఉంది. ఈ వయసులో పిల్లలు పాత బొమ్మలు సిగ్గుపడి చించేస్తుంటారు. వాటి వెనక తేదీ వేసి ఒక ఫైల్లో దాచండి. తను అడిగేదాకా తీయకండి.