పదవీ విరమణ సొమ్ము తీసి మూలకణ చికిత్సకు కట్టాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. గర్భాశయ లోపలి పొర 6 మిల్లీమీటర్లు దాటడం లేదని పిండ బదిలీ (ఐవీఎఫ్‌లో పిండాన్ని గర్భాశయంలో పెట్టడం) రెండుసార్లు వాయిదా పడింది. మూడు పిండాలు భద్రపరిచి ఉన్నాయి. పొర పెరగడానికి పీఆర్‌పీ, మూలకణ (స్టెమ్ సెల్) చికిత్స కలిపి ఒకే ప్యాకేజీగా ఇస్తామని క్లినిక్‌వారు అంటున్నారు. ముందే కడితే తగ్గింపు ఉంటుందట. పదవీ విరమణకు దాచుకున్నదాంట్లో సగం పోతుంది. తీయవచ్చా?

జవాబు: తీయకండి, కనీసం ఈ ప్యాకేజీ కోసం. నాకు గుచ్చుకున్నది ఆ తగ్గింపే. ఒక మెట్టు ఫలితం చూశాక రెండో మెట్టు ఎక్కాలో వద్దో తేల్చుకోవాల్సిన చోట, రెండింటికీ ముందే డబ్బు కట్టించుకుంటున్నారు.

పైగా ఆ రెండూ ఒక గాటన కట్టేవి కావు. పీఆర్‌పీ అంటే మీ రక్తమే కొంత తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని సన్నని గొట్టంతో గర్భాశయంలోకి పంపడం. పొర పలచగా ఉన్నవారిలో దీన్ని వాడిన తొలి నివేదిక 2015లో వచ్చింది. కొందరిలో పొర మందమవుతోంది. అయితే స్కానింగులో ఒక మిల్లీమీటరు పెరగడం వేరు, బిడ్డ పుట్టడం వేరు. రెండోదానికి గట్టి రుజువు ఇంకా రాలేదు. మూలకణాల సంగతి అంతకన్నా మొదటి దశలో ఉంది. 2016లో స్పెయిన్ పరిశోధకులు ఎముక మజ్జ కణాలతో చేసిన ప్రయోగంలో పాల్గొన్న స్త్రీలు 20 మంది కూడా లేరు. ప్రయోగ దశలో ఉన్నదానికి రోగి దగ్గర పూర్తి ఛార్జీ వసూలు చేస్తున్నారంటే అనుమానించాల్సిందే. బీమా కూడా ఇలాంటి ఖర్చును సాధారణంగా భరించదు.

డబ్బును ఈ వరుసలో కదపండి. మొదట వేరే వైద్యుడి అభిప్రాయం, అవసరమంటే హిస్టెరోస్కోపీ (సన్నని కెమెరా గొట్టంతో గర్భాశయం లోపల చూసే పరీక్ష). లోపల గోడలు ఒకదానికొకటి అంటుకుపోయిన అతుకులు ఉంటే వాటిని తొలగించడమే అసలు చికిత్స కావచ్చు. తర్వాత పిండాల నిల్వ రుసుము, కనీసం రెండు బదిలీల ఖర్చు, ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. పొర 7 మిల్లీమీటర్లలోపు ఉన్నా గర్భాలు నిలిచిన సందర్భాలున్నాయి, కాబట్టి బదిలీకి డబ్బు లేకుండా చేసుకోవద్దు. ఇవన్నీ పోగా మిగిలితే, విడిగా బిల్లు వేయించుకుని ఒక్కసారి పీఆర్‌పీ ప్రయత్నించవచ్చు. అప్పు చేసి మాత్రం వద్దు.

ఈలోగా క్లినిక్‌ను ఒక కాగితం అడగండి: మీలాంటి ఎంతమందికి ఈ ప్యాకేజీ చేశారు, వారిలో ఎందరికి బిడ్డ పుట్టింది, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు. నోటిమాటగా కాదు, సంతకంతో.