కొవ్వులోని మూలకణాల చికిత్స: ఏ చదువు చదివించాలి?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. వాళ్ల అమ్మమ్మకు రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చిన చోట పుండు పడి మానడం లేదు. కొవ్వు నుంచి తీసే మూలకణాలతో (వేరే రకాల కణాలుగా మారగల స్టెమ్‌సెల్స్‌తో) ఇలాంటివి మానుతాయని చదివి, ఆ రంగంలోకే వెళ్తానంటోంది. ఆరు నెలల స్టెమ్‌సెల్ సర్టిఫికెట్ కోర్సు ఉందంటున్నారు. చేర్పించవచ్చా?

జవాబు: చేర్పించకండి. ఆ సర్టిఫికెట్‌తో ఆమె రోగికి చికిత్స చేయలేదు, పరిశోధన కేంద్రంలో నిలదొక్కుకోనూ లేదు.

ముందుగా అమ్మమ్మగారి విషయం. రేడియేషన్ తగిలిన చోట సన్నని రక్తనాళాలు దెబ్బతిని, ప్రాణవాయువు సరిగా అందక, చర్మం కింది కణజాలం గట్టిపడుతుంది. అందుకే అక్కడి పుండు నెలల తరబడి మానదు. పొట్ట నుంచో తొడ నుంచో లైపోసక్షన్‌తో (గొట్టంతో పీల్చి) తీసిన కొవ్వును శుద్ధి చేసి అక్కడ ఎక్కిస్తే, అందులోని మూలకణాలు విడుదల చేసే పదార్థాలు కొత్త రక్తనాళాలు ఏర్పడడానికి తోడ్పడతాయన్నది ఈ చికిత్స వెనుక ఉన్న ఆలోచన. మనిషి కొవ్వులో ఇలాంటి కణాలున్నాయని 2001లో అమెరికాలో ప్యాట్రీషియా జుక్ బృందం చూపింది. 2007లో ఇటలీలో జినో రిగొట్టి బృందం, రేడియేషన్ వల్ల దెబ్బతిన్న 20 మందికి కొవ్వు ఎక్కించి మంచి ఫలితాలను ప్రచురించింది. ఆశ కలిగించేదే అయినా అది చిన్న అధ్యయనం. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో (రోగులపై జరిపే ప్రయోగాత్మక పరీక్షలో) తప్ప ఇలాంటి మూలకణ చికిత్సలు చేయకూడదు కాబట్టి, డబ్బు కడితే చేస్తామనే క్లినిక్‌లను నమ్మవద్దు. క్యాన్సర్ తిరగబెట్టిందేమో తేల్చుకోవడానికి ఆ పుండుకు బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) అవసరమా అని రేడియేషన్ ఆంకాలజిస్టును, అంటే రేడియేషన్ ఇచ్చే క్యాన్సర్ డాక్టరును తప్పక అడగండి.

ఇక చదువు. ఈ రంగంలోకి వెళ్లడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. రోగికి స్వయంగా చికిత్స చేయాలనుకుంటే నీట్ రాసి ఎంబీబీఎస్, ఆపై జనరల్ సర్జరీలో ఎంఎస్, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ (ఎంఎస్ తర్వాతి సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) చేయాలి; ఇంటర్న్‌షిప్‌తో కలిపి పదకొండున్నర ఏళ్లు పడుతుంది, మధ్యలో పోటీ పరీక్షలకు పోయే కాలం వేరు. ఆ కణాలు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడమే ఆమెకు ఆసక్తి అయితే, ఏర్పేడు దగ్గరున్న తిరుపతి ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థలో) డిగ్రీ, పీజీ కలిసిన అయిదేళ్ల బీఎస్-ఎంఎస్, ఆ తర్వాత పీహెచ్‌డీ సరైన దారి. మీకు దగ్గరలోనే వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ప్రాంగణంలో మూలకణ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ ఎక్కువగా రక్తవ్యాధుల మీద పనిచేస్తున్నా, కణాలను పెంచి పరీక్షించే మెళకువలు చాలావరకు ఒక్కటే.

ఉత్తరాన్ని బట్టి చూస్తే, ఆమెను కదిలించింది అమ్మమ్మ బాధే అనిపిస్తోంది. అది మంచి కారణమే కానీ, పరిశోధనలో ఏళ్ల తరబడి రోగి ముఖమే కనిపించకపోవచ్చు. ఆ సంగతి ఆమెతో విడమరచి మాట్లాడండి. ఈ ఏడాది నీట్‌తోపాటు ఐసర్ ప్రవేశ పరీక్షకూ దరఖాస్తు చేయించండి. అందులో జీవశాస్త్రం, భౌతిక, రసాయన శాస్త్రాలతో సమానంగా గణితం ప్రశ్నలూ వస్తాయి గనుక, బైపీసీ అమ్మాయికి ఇప్పటి నుంచే లెక్కలు చెప్పించాల్సి ఉంటుంది.