ఫోర్డ్ టారస్: ఏ ఇంజిన్ మంచిది?

ప్రశ్న: అమెరికాలో 1990 మోడల్ ఫోర్డ్ టారస్ కొనాలనుకుంటున్నాను. 3.0, 3.8 లీటర్ల వీ6 ఇంజిన్లు రెండింటికీ 140 హార్స్‌పవరే. ఏది తీసుకోమంటారు?

జవాబు: 3.0 తీసుకోండి. 1988లో వచ్చిన 3.8కి టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, ఎక్కువ (215 పౌండ్-అడుగులు, 3.0కి 160), నడపడానికి హాయిగానే ఉంటుంది. కానీ దాని బ్లాక్ (సిలిండర్లుండే ఇంజిన్ దిమ్మ) ఇనుము, హెడ్లు (దానిపై మూతల్లా బిగించే భాగాలు) అల్యూమినియం. వేడికి రెండూ ఒకేలా వ్యాకోచించవు కాబట్టి వాటి మధ్య సీలులా ఉండే హెడ్ గాస్కెట్ పోతుంది. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తరుగుతున్నా, తెల్లపొగ ఆగకపోయినా, ఆయిల్ పాలు కలిపినట్టున్నా ఆ బండి జోలికి పోవద్దు. 3.0లో రెండూ ఇనుమే. విన్ నంబరులో (బండి గుర్తింపు సంఖ్య) ఎనిమిదో స్థానం చూడండి: ‘యు’ ఉంటే 3.0, ‘4’ ఉంటే 3.8. ఒకవేళ 3.8కే మనసైతే, గాస్కెట్ మార్పించేటప్పుడు హెడ్ బోల్టులు కొత్తవే వేయించండి; పాతవి అప్పటికే సాగిపోయి ఉంటాయి, మళ్లీ బిగిస్తే పట్టు నిలవదు.